కాలనీ మొత్తాన్ని చుట్టుముట్టి సోదా చేస్తే పోలీసుల మీద నమ్మకం పెరుగుతుందా?

కొండమెట్ల నివాసి, విజయవాడ:
మా కొండ మీది ఇళ్లలో మొన్న తెల్లవారుజామున నాలుగున్నరకు పోలీసుల కార్డన్ సెర్చ్ (చుట్టుముట్టి ఇల్లిల్లూ వెతకడం) జరిగింది. గంజాయి కోసమన్నారు, రావద్దని మేమెవరమూ అనలేదు. కానీ పక్కింటి మామ్మగారి బియ్యం డబ్బాను నేల మీద బోర్లించారు, ఎందుకని అడిగిన మనవణ్ణి మోకాలి మీద లాఠీతో కొట్టారు, ఆర్సీ ఫైనాన్సు వారి దగ్గర ఉందని చెబుతున్నా అతని బండిని తీసుకువెళ్లారు. గంజాయి దొరకలేదు, కాగితమూ ఇవ్వలేదు. దీనిని భద్రత అనుకోవాలా?

విశ్రాంత హెడ్ కానిస్టేబుల్, గుంటూరు:
లాఠీ దెబ్బను నేను సమర్థించను. అయితే మెట్ల దారిలో కింద ఒకడు ఈల వేస్తే పైన సరుకు చేతులు మారిపోతుంది కనుక, వారంటు తెచ్చేదాకా ఆగితే మిగిలేది ఖాళీ గదే. అందుకే సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 185వ సెక్షన్ వారంటు లేని సోదాకు వీలు కల్పించింది. పిల్లలు గంజాయికి బానిసలయ్యారని మా దగ్గరికి వచ్చి ఏడ్చినవారు కూడా అలాంటి కాలనీల తల్లులే.

న్యాయవాది, విజయవాడ:
హెడ్ గారు చెప్పిన సెక్షన్‌నే పూర్తిగా చదువుదాం. ఒక నేరంపై దర్యాప్తు నడుస్తున్నప్పుడు, ఏ వస్తువు కోసం ఎక్కడ వెతుకుతున్నారో, ఎందుకు ఆగలేకపోయారో ముందే రాసిపెట్టి చేసే సోదాకే అది వర్తిస్తుంది గాని, వరుసగా కాలనీలోని తలుపులన్నీ తట్టడానికి కాదు. ఆ రికార్డు 48 గంటల్లోగా మేజిస్ట్రేటుకు చేరాలి. ఇంటివారు దరఖాస్తు చేస్తే నకలు ఉచితంగా ఇవ్వాలి. 2024 జూలై 1 నుంచి సోదాను వీడియో తీయడం కూడా తప్పనిసరి. 103వ సెక్షన్ ఇద్దరు స్థానిక సాక్షులను కోరుతుంది. ఆచరణలో మధ్యవర్తుల నివేదిక (పంచనామా) మీద తరచుగా కనిపించేది వీఆర్వో, అంటే గ్రామ రెవెన్యూ అధికారి సంతకమే. దర్యాప్తు గాడి తప్పితే ఏమవుతుందో మన ఊరికి తెలియనిది కాదు. ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో 2007లో జరిగిన విద్యార్థిని హత్య కేసులో ఇక్కడి మహిళా న్యాయస్థానం 2010లో శిక్ష వేసిన యువకుణ్ణి హైకోర్టు 2017లో నిర్దోషిగా విడుదల చేసింది. ఆ తరువాత పోలీసులు ఎవరిని పట్టుకున్నా, ‘వీడైనా అసలువాడేనా’ అని టీ బడ్డీ దగ్గర అడిగేవారున్నారు.

విశ్రాంత హెడ్ కానిస్టేబుల్, గుంటూరు:
వీఆర్వోలను ఊరికే పిలవము సార్. స్థానికులు సంతకానికి భయపడతారు, చేసినవారు కోర్టులో ఎదురు తిరుగుతారు. వీడియో విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తాను. అది సోదాకు వెళ్లిన కానిస్టేబుల్‌ను కూడా అబద్ధపు ఫిర్యాదు నుంచి కాపాడుతుంది.

న్యాయవాది, విజయవాడ:
స్థానికులు భయపడేది నేరస్థులకు మాత్రమేనా అన్నది నా సందేహం. నివాసి గారూ, ముందు క్రైం నంబరు (స్టేషన్‌లో నమోదైన కేసు సంఖ్య) అడిగి, మామ్మగారి పేరుతో సోదా రికార్డు నకలు కోసం దరఖాస్తు చేయండి. కుర్రవాడి మోకాలిని ప్రభుత్వాసుపత్రిలో చూపించి, గాయాన్ని రాయించండి.

కొండమెట్ల నివాసి, విజయవాడ:
ఆసుపత్రి చీటీ తీసుకున్నాము. స్టేషన్‌కు వెళ్లి క్రైం నంబరు అడిగితే, అసలు కేసే లేదని, అది మామూలు తనిఖీ అని చెప్పారు. బండి మాత్రం ఆవరణలోనే ఉంది; సీటు మీద సుద్దముక్కతో 14 అని రాసి ఉంది.