ఎం.ఆర్.ఐ.తో మల్టిపుల్ స్క్లెరోసిస్ రకం తేలుతుందా?

ప్రశ్న (అమలాపురం): మా చెల్లెలికి ఈ వ్యాధి (రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాముల్లోని నరాల పైతొడుగును దెబ్బతీసే జబ్బు) ఉన్నట్లు కాకినాడలో నిర్ధారించారు. మెదడు స్కాన్ చూసి, అది వచ్చి తగ్గే రకమో, క్రమంగా ముదిరే రకమో చెప్పగలరా అండీ?

జవాబు (భీమవరం): ఒక్క స్కాన్‌తో చెప్పలేరండీ. ఆ విభజనకు ప్రధాన ఆధారం లక్షణాల చరిత్రే. ఈ రకాల నిర్వచనాలను 2013లో సవరించిన తరువాత, గాడోలినియం (స్కాన్‌కు ముందు రక్తంలోకి ఎక్కించే మందు) ఇచ్చినప్పుడు మెరిసే మచ్చలను (వ్యాధి వల్ల దెబ్బతిన్న చోట్లను), కొత్త మచ్చలను బట్టి వ్యాధి చురుకుగా ఉన్నదీ లేనిదీ కూడా పేర్కొంటున్నారు.

జవాబు (రాజమహేంద్రవరం): 2021లో లండన్ పరిశోధకులు కృత్రిమ మేధ సాయంతో, మార్పులు మొదట మెదడు పైపొరలో కనిపించాయా, స్కాన్‌లో మచ్చలు లేకుండా మామూలుగానే అగుపించే తెల్లపదార్థంలోనా (మెదడు లోపల నరాల తంతువులుండే భాగం), లేక మచ్చలుగానా అన్నదాన్ని బట్టి మూడు ఉపరకాలను గుర్తించారు. మచ్చలతో మొదలయ్యే రకంలో వైకల్యం పెరిగే ముప్పు ఎక్కువే అయినా, చికిత్సకు స్పందన మెరుగ్గా కనిపించింది. నాకు ఇదే అర్థవంతమైన విభజన అనిపిస్తుంది, కానీ రోజువారీ వైద్యంలో లక్షణాల విభజనే నడుస్తోంది.

జవాబు (భీమవరం): పాత సీడీలు దాచి ఉంచండి, వీలైతే అదే యంత్రంపై తీయిస్తే పోల్చడం సులువు.