సమస్య: నీటి నడుమ నిలిచి నీరు కోరె

నిర్వాహకుడు: లడాఖ్‌లోని ప్యాంగాంగ్ సరస్సు ఒడ్డున దాహమేసి చూస్తే, నీళ్ళ సీసా టాక్సీలోనే ఉండిపోయింది. అప్పుడు తట్టిన పాదం ఇది; దీన్ని చివరి పాదంగా పెట్టి ఆటవెలది పద్యం పూరించండి. సముద్రమూ చాతకమూ వద్దు, కొండ మీది సరస్సే కావాలి.

గోదారిగట్టు:

లేహు దాటి వచ్చి లేతనీలపు కొండ
కొలను చేరి దప్పిగొన్నవాడు
దోసిలొగ్గి చూచె తోయమంతయు నుప్పు
నీటి నడుమ నిలిచి నీరు కోరె

నిర్వాహకుడు: ఆహా! మూడో పాదం చివర ‘ఉప్పు’ దగ్గర ఆగినా సరే, కిందికి లాగి ‘ఉప్పునీటి నడుమ’ అని చదివినా సరే! 134 కిలోమీటర్ల సరస్సు, బయటికి పారే దారి లేక ఉప్పు పేరుకుంది. మీరు ఒక్క మాటలో తేల్చేశారు.

ఎండుమిర్చి: విరుపు బాగుంది, ఒప్పుకుంటాను. కానీ లేహు దాటితే సరిపోదండీ, చాంగ్ లా కనుమ ఎక్కి దిగాలి. యతి (పాదం మధ్యలో మొదటి అక్షరంతో కుదరాల్సిన అక్షరం) కోసం కనుమనే ఎగరగొట్టారు. ఇక నాది:

మాఘమున లడాఖు మంచైన సరసులో
యాకు నెక్కి తిరుగు యాత్రికుండు
మంచు గాని లేక మంచినీ రొక్కింత
నీటి నడుమ నిలిచి నీరు కోరె

గోదారిగట్టు: మంచు, మంచినీరు... ముచ్చటగా ఉంది. కానీ ‘లడాఖు’ జగణం (లఘువు, గురువు, లఘువు) కదా, పాదం మొదట రావాల్సిన సూర్యగణాల్లో (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు) ఎలా ఇరికించారు? పైగా ఉప్పునీరు అంత గట్టిగా గడ్డకడుతుందా? కట్టినా అది నీటి ‘మీద’ అవుతుంది, ‘నడుమ’ కాదు.

ఎండుమిర్చి: వేళ్ళు మడిచి చూడండి: మాఘ, మునల, డాఖు. దాదాపు పద్నాలుగు వేల అడుగుల ఎత్తున చలికి ఉప్పు అడ్డం రాదు. 2023 ఫిబ్రవరి 20న ఆ మంచు మీదే 21 కిలోమీటర్లు పరుగెత్తారు. శివరాత్రి వెళ్ళిన రెండో నాడది, మాఘమే! చుట్టూ నీరే గడ్డకట్టి ఉంటే మధ్యలో ఉన్నవాడు నడుమ కాక ఇంకెక్కడ? అయినా పోయినసారి అదే ఉప్పుసరస్సులో తామరలు పూయించింది ఎవరో!

చిలకపలుకు: తామరల మీద తుమ్మెద కూడా వాలింది, నాకు బాగా గుర్తు.

నిర్వాహకుడు: పాత పూరణల గొడవ ఇక్కడొద్దు. ‘నడుమ’ దగ్గర మాత్రం నేను గోదారిగట్టు గారి పక్షమే.

గోదారిగట్టు: మునల... సరే, గణం కుదిరింది. తుమ్మెద నాది కాదు, చిలకపలుకు గారిదే. వెనక్కి వెళ్ళి చూసుకోండి.