తిరుపతిలో ఉంటూనే జర్మన్ బి2 దాకా వెళ్లొచ్చా?

అందరికీ నమస్కారం. మా చెల్లి బీఎస్సీ నర్సింగ్ చేసి తిరుపతిలోనే ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బి2 స్థాయి (ఎ1, ఎ2, బి1 తర్వాత వచ్చే నాలుగో మెట్టు) జర్మన్ భాష కావాలి కదా, అందుకని నైట్ డ్యూటీ నుంచి వచ్చి కూడా నోటుబుక్కు తెరుస్తోంది. ఎ1 అయింది. జర్మన్‌లో ప్రతి నామవాచకం ముందూ దాని లింగాన్ని బట్టి ఒక చిన్న మాట పెట్టాలి: టేబుల్‌కు పుంలింగపు 'డేర్', దీపానికి స్త్రీలింగపు 'డీ', అమ్మాయికేమో నపుంసకలింగపు 'డాస్' అట! మనం 'ఆవు వచ్చింది, అమ్మాయి వచ్చింది' అని రెంటికీ ఒకేలా అనమా, అలాంటిదే అన్నాక కాస్త ధైర్యం తెచ్చుకుంది.

ఇక్కడ చేరిన కోచింగ్‌లో ఎ2 బ్యాచ్ మధ్యలోనే ఆపేశారు. ఇప్పుడు ఉద్యోగం మానేసి చెన్నైలో జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథే ఇన్‌స్టిట్యూట్‌లో చేరాలా, లేక ఆన్‌లైన్‌లో చదివి పరీక్షకు మాత్రం చెన్నై వెళ్లొస్తే సరిపోతుందా? ఇలా బి2 పాసైన నర్సులు ఉంటే, మాట్లాడే పరీక్షకు ఎలా తయారయ్యారో దయచేసి చెప్పండి. తనకు రాయడం బాగానే వస్తోంది, నోరే పెగలడం లేదు.