గుంపు ఊళ విని తోడేళ్ల సంఖ్య తేల్చడం ఎలా?

వన్యప్రాణి జీవశాస్త్రవేత్తగా తోడేళ్లపై నేను చేస్తున్న మొదటి క్షేత్ర అధ్యయనం ఒకే గుంపు లెక్క దగ్గర ఆరు వారాలుగా నిలిచిపోయింది. ట్రాప్ కెమెరాలలో ఒకేసారి నాలుగుకు మించి తోడేళ్లు ఎన్నడూ కనిపించలేదు, కానీ వాటి ఊళ వింటే ఏడో ఎనిమిదో ఉన్నట్లు తోస్తుంది.

రెండు రికార్డర్లను 800 మీటర్ల దూరంలో ఉంచి, 24 కిలోహెర్ట్జ్, 16 బిట్లలో, సాయంత్రం 6 నుంచి 8 వరకు, తెల్లవారుజామున 4 నుంచి 6 వరకు నడుపుతున్నాను. మొదట ఒక్క గొంతు లేచి నిలకడగా సాగుతుంది. అయిదు సెకన్లకు రెండోది అందుకుంటుంది. ఆ వెంటనే మిగిలినవన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. శబ్దపు స్థాయి కాలంతో ఎలా మారుతుందో గీతలుగా చూపే స్పెక్ట్రోగ్రామ్‌లో, ఒక్కో విండోకు 2048 నమూనాల చొప్పున తీసుకుని, గీతలను చేత్తో లెక్కపెట్టాను, అయితే ప్రతి తోడేలూ స్వర స్థాయిని వేగంగా మారుస్తుండడం వల్ల, ఒకదాని హార్మోనిక్ (మూలస్వరపు గుణిజాల వద్ద పలికే పైస్వరం) మరొకదాని మూలస్వరంపై పడి, ఒకే ఫైలుకు మూడు సార్లు 5, 7, 6 వచ్చాయి. 200 హెర్ట్జ్‌కు దిగువనున్న శబ్దాన్ని వడకట్టి తీసేస్తే గాలి హోరు తగ్గింది, అంతే. శబ్దం చేరిన సమయ భేదంతో దిశ కనుగొందామంటే, రెండు గడియారాల మధ్య ఒక్క రాత్రిలోనే రెండు సెకన్ల తేడా వస్తోంది.

అమెరికాలోని ఐల్ రాయల్ ద్వీపంలో 1958 నుంచి సాగుతున్న తోడేళ్ల అధ్యయనంలో వలె శీతకాలపు మంచుపై విమానం నుంచి లెక్కించే అవకాశం ఇక్కడ లేదు. తప్పు సంఖ్య నివేదికకెక్కితే నష్టపోయేది ఆ గుంపే.

జీపీఎస్ గడియారమున్న రికార్డర్లు లేకుండా, ఇటువంటి ఊళ నుంచి కనీస సంఖ్యనైనా నమ్మకంగా తేల్చిన వారు ఏ కొలతపై ఆధారపడ్డారు?