ఏళ్ల తరబడి వెళ్లిన ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ల) గ్రూపు వదిలేటప్పుడు మీటింగులో చెప్పాలా, చప్పుడు చేయకుండా మానేయాలా?

లాకుల_రేవు:
తొమ్మిదేళ్లుగా తాగని మనిషి, వారానికి రెండు మీటింగులు తప్పని మనిషి, ఇక గ్రూపు చాలనుకుంటే ఏం చేయాలి? చెప్పి వెళ్లాలంటాను. అమలాపురం, రావులపాలెం లాంటి ఊళ్లలో మూడు వారాలు కనపడకపోతే చాలు, "మళ్లీ మొదలెట్టాడంట" అన్న మాట గోదారి దాటి అత్తారింటికి చేరిపోద్ది. ముందు స్పాన్సరుకి, అంటే తనకి దారి చూపించే పాత సభ్యుడికి, ఎదురుగా కూర్చుని చెప్పాలి. తర్వాత తన దగ్గర ఏఏ పన్నెండు స్టెప్స్ (మానడానికి మెట్లు) చేస్తున్నవాళ్లకి, విడివిడిగా. వాళ్లకి వేరే స్పాన్సరు కుదిరాకే మీటింగులో. హాలు తాళం, టీ డబ్బుల పుస్తకం, గ్రూపు ఫోను సిమ్ అప్పజెప్పాలి. సిమ్ సంగతే మర్చిపోతారు. రాత్రి పదకొండుకి కొత్తవాడు ఫోన్ చేస్తే ఎత్తే నాథుడుండడు.

కొబ్బరాకు:
ఏఏ పన్నెండు సంప్రదాయాల్లో (గ్రూపులు నడుచుకునే పద్ధతులు) 11వ సంప్రదాయం చూడండి. అనామకంగా ఉండాలి.

లాకుల_రేవు:
అది పత్రికలు, రేడియో, సినిమాల సంగతండీ. గదిలో తన మాట తను చెప్పుకోడానికి అడ్డేముంది? పక్కవాడి పేరు ఎత్తకూడదంతే.

కొబ్బరాకు:
పన్నెండోది కూడా చదవండి మరి, అనామకత్వమే పునాది అంటది.

ముంపు_గట్టు:
అసలు వెళ్లడమేంటి? 3వ సంప్రదాయం ప్రకారం తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఫీజు లేదు, రాజీనామా ఎవరికిస్తారు? రానివాడు రాడు, వచ్చిన రోజు కుర్చీ ఉంటది. వెనక వరసలో కొత్తవాడు కూర్చుని ఉంటాడండీ. మానిన మొదటి రోజే చేతుల వణుకు, రెండు రోజుల్లోపు ఫిట్స్ భయం, 48 నుంచి 96 గంటల మధ్య మతి తప్పే ప్రమాదం, ఇవన్నీ ఆస్పత్రిలో గట్టెక్కి వచ్చినవాడు. వాడికి "తొమ్మిదేళ్లు చాలు" అన్నది వినపడదు. "చాలు" ఒక్కటే వినపడుద్ది.

అరటితోట:
నిజమే ఆయ్.

మందుల_షాపు:
ఒక మాట. గ్రూపూ డైసల్ఫిరామ్ మాత్రా (ఇది వేసుకుని తాగితే ఒంటికి పడదు) ఒకేసారి మానకండి, డాక్టరుని అడగండి. మాత్ర ఆపినా 14 రోజుల దాకా పనిచేయొచ్చు. నాలుగో రోజున కల్లు ముంత ఎత్తితే మొహం ఎర్రబడి, వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం. ఆయుర్వేద అరిష్టాలు, ఆసవాలు, కొన్ని దగ్గు సిరప్పుల్లోనూ ఆల్కహాలు ఉంటది. తాగాలన్న యావ తగ్గించే నాల్ట్రెక్సోన్ వాడేవాళ్లకి ఈ గొడవ లేదు గానీ, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలతో కలవదు.

కొబ్బరాకు:
ఇన్నేళ్లు తాగనందుకు గ్రూపు ఇచ్చిన మెడల్ తిరిగిచ్చేయాలా?

లాకుల_రేవు:
అక్కర్లేదు.

కొబ్బరాకు:
మరి బీరువాలో పెట్టుకుని ఏం చేస్తాడు?

ముంపు_గట్టు:
మెడల్ వదిలేయండి బాబూ. భోగి నుంచి ముక్కనుమ దాకా కోడిపందేల బరి పక్కనే మందు. బావమరిది గ్లాసు చేతిలో పెట్టి "పండగేగా బావా" అంటే, మీ వీడ్కోలు ప్రసంగం ఆపుద్దా?

లాకుల_రేవు:
సంక్రాంతి ముందు వద్దు, ఒప్పుకున్నా. తర్వాత మాఘమాసం పెళ్లిళ్లు, ఆ తర్వాత జాతరలు. మీ లెక్కలో వెళ్లే రోజే లేదు కదండీ!

ముంపు_గట్టు:
లేదు. షుగరున్నవాడు మాత్ర ఏ రోజున మానతాడు?

లాకుల_రేవు:
అదీ, ఇప్పుడు బయటపడింది. చెప్పాలా వద్దా అన్నది మీ బాధే కాదు. తప్పుకుంటే తాగుబోతే అని ముందే తీర్పిచ్చేశారు. నాకు గ్రూపంటే పంటు, ఏరు దాటించే పడవ. రేవొచ్చాక దిగుతాం.

ముంపు_గట్టు:
రేవనుకుని ఏటి మధ్య లంకలో దిగారేమో. లంకలోనూ అరటి పండుద్ది, ఇళ్లూ కడతారు. ఆగస్టులో చూడాలి.

లాకుల_రేవు:
వరదొస్తే మళ్లీ పంటుని కేకేయాలనే కదా చెప్పి దిగమంటున్నది! చెప్పకుండా మాయమైనవాడు కాలు జారితే, ఆ గుమ్మం ఎక్కడానికి సిగ్గుపడి ఇంట్లోనే తాగుతాడు. చెప్పి వెళ్లినవాడికి కనీసం స్పాన్సరు నంబరైనా నొక్కే మొహం ఉంటది.

ముంపు_గట్టు:
ఈ ముక్క మొదట్లోనే అనాల్సింది. అయినా కొత్తవాళ్లుండే మీటింగులో వద్దు. పాతవాళ్లని పిలిచి, విడిగా చెప్పమనండి.

లాకుల_రేవు:
విడిగా అంటే మళ్లీ గుసగుసలే కదండీ.

కొబ్బరాకు:
మెడల్ సంగతి తేల్చలేదు.