బయోకెమిస్ట్రీ చదివాను, ప్రాజెక్టు పోస్టులన్నీ డేటా అనాలిసిస్ అడుగుతున్నాయి. కోర్సుకు డబ్బు కట్టాలా?

మత్తికెరె_పీజీ:
తిరుపతిలో ఎమ్మెస్సీ అయ్యాక నాలుగు నెలలుగా బెంగళూరులోనే ఉన్నాను. ఐఐఎస్‌సీ, ఎన్‌సీబీఎస్, జక్కూరు జేఎన్‌సీఏఎస్‌ఆర్ లాంటి పరిశోధన సంస్థల వెబ్‌సైట్లు రోజూ పొద్దున్నే చూస్తాను. పీసీఆర్, జెల్ లాంటి డీఎన్‌ఏ ల్యాబ్ పనులు బాగా వచ్చు. కానీ ఏ పోస్టు చూసినా ‘ఆర్ లేదా పైథాన్ (డేటా పనికి వాడే ప్రోగ్రామింగ్ భాషలు) వచ్చి ఉండాలి’ అనే ఉంటోంది. పోయిన వారం ఒక ఇంటర్వ్యూలో ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, ఇందులో ఏముందో చెప్పమన్నారు. 20,000 వరుసల అంకెలు. నోరు పెగల్లేదు. ఇంట్లోనేమో బీఈడీ చేయమంటున్నారు. ఒక కోచింగ్ సెంటర్ మూడు నెలలకు 60,000 అడుగుతోంది. కట్టమంటారా?

హెబ్బాళ_అన్న:
కట్టకమ్మా. ఆ డబ్బుతో ఇంకో ఆరు నెలలు ఇక్కడే ఉండొచ్చు. నెట్, గేట్ మాత్రం వదలకు. వాటితో వచ్చే రీసెర్చ్ ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకు 37,000, ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) వేరే.

ఎలహంక_అక్క:
చెల్లీ, ఆ వరుసలు మనిషి జీన్లు అయి ఉంటాయి. వరుసకో జీన్, కాలమ్‌కో శాంపిల్. ఆ శాంపిల్‌లో ఆ జీన్ ఎంత చురుగ్గా ఉందో చెప్పేదే అంకె. అంతే, భయపడకు.

నేనూ ల్యాబ్ పని నుంచే ఈ డేటా పనికి వచ్చాను. జియో అనే డేటాబేస్‌లో వేల ప్రయోగాల డేటా ఉచితంగా దొరుకుతుంది. ఆర్, అందులో జీన్ల తేడాలు లెక్కగట్టే డీసెక్2 ప్యాకేజీ కూడా ఉచితమే. నేను ఒక పేపర్ డేటా దించుకుని పీసీఏ ప్లాట్ గీశాను. అందులో ఒక్కో శాంపిల్ ఒక చుక్క, ఒకేలాంటివి దగ్గరగా పడతాయి. చుక్కలు చక్కగా రెండు గుంపులయ్యాయి. రోగులు ఒకవైపు, ఆరోగ్యవంతులు ఒకవైపు అనుకుని సంబరపడ్డాను. రంగులు వేసి చూస్తే రెండు గుంపుల్లోనూ రోగులూ, ఆరోగ్యవంతులూ కలిసే ఉన్నారు. గుంపులు విడిపోయింది శాంపిళ్లు ప్రాసెస్ చేసిన తేదీని బట్టి! దీన్నే బ్యాచ్ ఎఫెక్ట్ అంటారు. డీసెక్2 చేసే లెక్కలో ఆ తేదీని కూడా చేర్చాక గానీ అసలు తేడా బయటపడలేదు. నా ఇంటర్వ్యూలో సగం సేపు దీని గురించే అడిగారు. ఏ సర్టిఫికెట్టూ చూపించమనలేదు.

ఇంకో మాట. జీన్ల ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరవకు. సెప్ట్2 అనే జీన్ పేరును అది సెప్టెంబర్ 2 చేసేస్తుంది. ఈ గోల పడలేకే తర్వాత దాని పేరు సెప్టిన్2 అని మార్చారు. పాత ఫైళ్లలో ఇంకా పాత పేరే ఉంటుంది.

ప్రొఫెసర్లకు మెయిల్ రాసేటప్పుడు వాళ్ల పేపర్‌లో ఏ బొమ్మని నువ్వు మళ్లీ గీశావో రాయి. ఎక్కడ తేడా వచ్చిందో కూడా రాయి. దాచకు.

మత్తికెరె_పీజీ:
అక్కా, చాలా థ్యాంక్స్. డబ్బు కట్టట్లేదు. ఇప్పుడే ఒకటి దించాను, ఆరు శాంపిళ్లే ఉన్నాయి. చాలుతాయా?

ఎలహంక_అక్క:
పోల్చే రెండు గుంపులకీ మూడేసి అయితే నేర్చుకోవడానికి చాలు. ఏది ఏ రోజు చేశారో రాసి ఉందేమో ముందు చూడు. ప్లాట్ వచ్చాక ఇక్కడ పెట్టు, కలిసి చూద్దాం.