వృద్ధుల రోగనిరోధక శక్తి మీద పోస్ట్‌డాక్: ఇంటర్వ్యూలో ఏం అడగాలి? అసలు వెళ్లాలా?

ఉద్దానం అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ పూర్తిచేశాను. క్షయ క్రిమి సోకిన ఎలుకల్లో క్రిముల్ని మింగే మాక్రోఫేజ్ కణాలు ఎలా ప్రవర్తిస్తాయన్నది నా పని. ఇప్పుడు అమెరికాలో ఒక ల్యాబ్ నుంచి పోస్ట్‌డాక్‌కి (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం) రెండో ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. 65 దాటినవాళ్లలో రోగనిరోధక వ్యవస్థ ఎందుకు గాడి తప్పుతుంది, ఫ్లూ టీకా వేసినా కొందరికి యాంటీబాడీలు ఎందుకు సరిగా రావు అన్నది వాళ్లు చూస్తున్నారు. అంతా మనుషుల రక్తంతోనే, ఎలుకలు లేవు.

ఈ విషయం మీద నాకు ఆసక్తి పుస్తకాల నుంచి రాలేదు. మా నాన్నకి 58 ఏళ్లు. కొబ్బరి తోట మీదే బతికారు. 2018లో తిత్లీ తుపానుకి చెట్లు పోయాయి, తర్వాత రెండేళ్లకి కిడ్నీలు పాడయ్యాయని తెలిసింది. మూడేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్. మొదట వెళ్లిన చోట హెపటైటిస్ బి టీకా వేశారు గానీ అది పట్టిందో లేదో ఎవరూ చూడలేదు. నేను సెలవుకి వచ్చి పట్టుబట్టి పరీక్ష చేయిస్తే యాంటీబాడీ 4 వచ్చింది. కనీసం 10 ఉండాలి. ఆ కాగితం పట్టుకుని కూర్చున్న రోజునే అర్థమైంది, నేను చదివినదంతా మా ఇంట్లోనే ఉందని. కిడ్నీలు పాడై రక్తంలో మలినాలు పేరుకుంటే టి కణాలు (క్రిముల్ని ఎదుర్కొనే ఒక రకం తెల్లరక్త కణాలు) ముందుగానే ముసలివైపోతాయి. ఇంకా ఏ క్రిమినీ ఎదుర్కోని కొత్త టి కణాలు తగ్గిపోతాయి, అలసిపోయిన పాత కణాలు మిగులుతాయి. 80 ఏళ్ల మనిషిలో చూసేదే నాన్నలో 58కే కనబడుతోంది.

నా ఆశ ఏమిటంటే, అక్కడ మనుషుల రక్తం మీద పనిచేయడం నేర్చుకుని, తిరిగివచ్చి, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా ఉద్దానంలో ఇదే ప్రశ్న వేయాలి. కానీ నాలుగేళ్లు వెళ్తే నాన్న సంగతేంటి అని టెన్షన్. అమ్మ ఒక్కతే ఉంటుంది. తమ్ముడు చెన్నైలో. అలాంటి ల్యాబ్‌లో చేసినవాళ్లు ఉంటే చెప్పండి: ఆ ప్రొఫెసర్‌ని ఏం అడిగితే ఆ ఉద్యోగం నా ఆశకి పనికొస్తుందో లేదో తెలుస్తుంది?


బొబ్బిలి, ప్రస్తుతం అమెరికా:

అమ్మా, నేనూ ఎలుకల నుంచి మనుషులకి మారినవాణ్ణే. నాలుగేళ్లు దాదాపు ఇదే పని చేశాను. ముందు ఈ తేడా తెలుసుకోండి. 20 నెలల ఎలుకలు పది తీసుకుంటే పదీ ఒకే మేత తిని, ఒకే గదిలో పెరిగినవి. మనుషులు అలా కాదు. 81 ఏళ్లాయన రోజూ ఐదు కిలోమీటర్లు నడిచి వస్తాడు, 67 ఏళ్లావిడని చక్రాల కుర్చీలో తీసుకొస్తారు. వయసు అంకె ఒక్కటే చూసి గీత గీస్తే ఏమీ తేలదు. మొదటి ఏడాది నాకు ఇదే మింగుడుపడలేదు.

అడగాల్సిన మొదటి ప్రశ్న: "లిక్విడ్ నైట్రోజన్‌లో ఇప్పటికే ఏమున్నాయి?" టీకాకి ముందు, తర్వాత తీసిన కణాలు అదే మనిషివి వరుసగా కొన్నేళ్లవి భద్రంగా ఉన్నాయంటే మీరు చేరిన నెల నుంచే పని మొదలవుతుంది. "ఇకపై సేకరించాలి" అంటే మీ మొదటి రెండేళ్లు అనుమతులకీ, వాలంటీర్లకి ఫోన్లు చేయడానికే సరిపోతాయి. ఆ పని చేసే కోఆర్డినేటర్ వేరే ఉన్నారా, మీరే చేయాలా అన్నది కూడా అడగండి.

రక్తం వచ్చిన రోజే కణాలు వేరుచేయాలి, ఇందులో రాజీ లేదు. ఒక శుక్రవారం మంచు పడి ట్యూబులు ఆలస్యంగా చేరాయి, నేను పొద్దున చూసుకుందామని వదిలేశాను. మర్నాటికి గ్రాన్యులోసైట్లు (మనకి అక్కర్లేని వేరే రకం తెల్లకణాలు) మనకి కావాల్సిన కణాల పొరలోకి కలిసిపోయి నమూనా పనికిరాకుండా పోయింది. ఆ మంచులోనే 83 ఏళ్ల ఆవిడ వచ్చి ఇచ్చిన రక్తం అది. ఆ తప్పు నాది, ఇప్పటికీ మర్చిపోలేదు.

సైటోమెగలో వైరస్ పరీక్ష అందరికీ చేస్తున్నారా అని తప్పకుండా అడగండి. చిన్నప్పుడు ఒంట్లో చేరి జీవితాంతం ఉండిపోయే వైరస్ అది. వయసు పైబడ్డాక సీడీ8 కణాల్లో (వైరస్ సోకిన కణాల్ని చంపే టి కణాలు) పెద్ద వాటా దాన్ని కాపలా కాయడానికే పోతుంది. అమెరికాలో 40 ఏళ్లకి సుమారు సగం మందిలోనే ఉంటుంది కాబట్టి ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ పోల్చి, ఏది వయసు వల్ల, ఏది వైరస్ వల్ల అని విడదీయగలరు. మన దగ్గర పెద్దవాళ్లలో దాదాపు అందరికీ ఉంటుంది. అక్కడి ఫలితాన్ని ఉద్దానానికి అలాగే అతికించలేమని ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. తిరిగి రావాలనుకుంటున్నారు గనుక మీ అసలు ప్రశ్న అక్కడే ఉందని నా అభిప్రాయం.

డబ్బు సంగతి: ఆ ల్యాబ్‌ని నడిపే గ్రాంట్ ఎన్నో ఏడాదిలో ఉంది? ఆర్01 గ్రాంట్ (అమెరికా ప్రభుత్వం ఆరోగ్య పరిశోధనకి ల్యాబ్‌లకి ఇచ్చేది) సాధారణంగా ఐదేళ్లు. నాలుగో ఏట చేరితే మీ జీతం రెన్యువల్ మీద ఆధారపడుతుంది. జె-1 వీసా మీద పరిశోధకులకి గరిష్ఠంగా ఐదేళ్లు. కే99 అవార్డుకి (పోస్ట్‌డాక్ నుంచి సొంత ల్యాబ్‌కి మారేవాళ్లకి ఇచ్చేది) విదేశీయులూ దరఖాస్తు చేయవచ్చు, కానీ దాని రెండో దశ అమెరికా సంస్థలోనే వాడుకోవాలి, మీకు అంతగా అక్కరకు రాదు. ఇక చివరిగా, ఆ ల్యాబ్ వదిలి వెళ్లిన ఇద్దరితో ప్రొఫెసర్ లేకుండా మాట్లాడండి. వాళ్లు వెళ్తూ ఏ ప్రాజెక్టు పట్టుకెళ్లగలిగారో అడగండి.


డయాలసిస్ నర్సు, శ్రీకాకుళం:

తల్లీ, పరిశోధన గురించి నాకు తెలియదు, నాన్నగారి గురించి చెప్తాను. డయాలసిస్ వాళ్లకి హెపటైటిస్ బి టీకా మామూలు మోతాదు సరిపోదు. 40 మైక్రోగ్రాముల చొప్పున నాలుగు డోసులు వేస్తాం: ఇవాళ, నెలకి, రెండు నెలలకి, ఆరు నెలలకి. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలల్లో పరీక్ష. 10 కంటే తక్కువైతే మళ్లీ కోర్సు. అది దాటినవాళ్లకి కూడా ఏడాదికోసారి చూడాలి, తగ్గితే బూస్టర్. నాన్నగారికి రెండో కోర్సు మొదలైందా? కాకపోతే రేపే డాక్టరుగారిని అడగండి.

ఇంకోటి, అమ్మగారికి చెప్పి ఉంచండి. ఇలాంటి వాళ్లకీ ముసలివాళ్లకీ ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ వచ్చినా ఒక్కోసారి ఒళ్లు కాలదు. అన్నం మానేస్తారు, మగతగా ఉంటారు, మాట పొంతన ఉండదు. జ్వరం లేదు కదా అని ఇంట్లో ఉంచేసి ఆలస్యంగా తీసుకొస్తారు. జ్వరం కోసం ఎదురుచూడకండి.


హైదరాబాద్‌లో సాలూరు అబ్బాయి:

అక్కా, ఇక్కడే ఉండే దారి కూడా ఒకసారి చూడండి. పరిశోధనకి నిధులిచ్చే కేంద్ర సంస్థ ఏఎన్ఆర్ఎఫ్ వాళ్ల నేషనల్ పోస్ట్‌డాక్ ఫెలోషిప్ రెండేళ్లది, వయోపరిమితిలో మహిళలకి ఐదేళ్ల సడలింపు ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో 2024లో లాంజెవిటీ ఇండియా పేరుతో వృద్ధాప్యం మీదే కార్యక్రమం మొదలుపెట్టారు. వయసు పైబడినవాళ్ల మీద దేశమంతా చేసే, 2017-18లో మొదలైన లాసీ సర్వేలో 45 దాటినవాళ్లూ వాళ్ల భార్యాభర్తలూ కలిపి 72 వేల మందికి పైగా ఉన్నారు, రక్తపు చుక్కలు కూడా సేకరించారు. అంత పెద్ద సమాచారం ఉండగా దూరం వెళ్లడం ఎందుకు అని నా సందేహం.


బొబ్బిలి, ప్రస్తుతం అమెరికా:

తమ్ముడూ, లాసీ మంచి పనే. కానీ అవి కాగితం మీద ఎండబెట్టిన చుక్కలు. వాటిలో యాంటీబాడీలు, ఒంట్లో వాపుని చూపే సీఆర్పీ అనే ప్రోటీన్ కొలవచ్చు. బతికున్న టి కణాలు అందులో ఉండవు కదా. ఆమె అడుగుతున్నది ఆ కణాల గురించి.


విజయనగరం, రిటైర్డ్ జువాలజీ లెక్చరర్:

అమ్మాయీ, వులిమిరి రామలింగస్వామిగారి పేరు వినే ఉంటావు. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివి, ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేశారు. తిరిగివచ్చి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో గాయిటర్ (థైరాయిడ్ గ్రంథి ఉబ్బి గొంతు దగ్గర వచ్చే వాపు) ఎందుకు వస్తోందో, ఉప్పులో అయోడిన్ కలిపితే ఎలా తగ్గుతుందో ఊళ్లకి ఊళ్లనే తీసుకుని చూపించారు. బయటి దేశాల నుంచి తిరిగివచ్చే శాస్త్రవేత్తలకి కేంద్ర బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ) ఇచ్చే రీఎంట్రీ ఫెలోషిప్ ఆయన పేరు మీదే ఉంది. వెళ్లేటప్పుడే దాని నియమాలు చదువుకుని వెళ్లు.


ఉద్దానం అమ్మాయి:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నర్సు గారూ, మీరు రాసింది చదివి వెంటనే అమ్మకి ఫోన్ చేశాను. రెండో కోర్సులో రెండు డోసులు అయ్యాయి, మూడోది వచ్చే నెల 9న. జ్వరం సంగతి అమ్మ చేత రెండుసార్లు చెప్పించుకున్నాను. డయాలసిస్ ఫైలు అట్ట మీద కూడా రాసుకుందట.

బొబ్బిలి అన్నయ్యా, సైటోమెగలో వైరస్ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా ఊళ్లో వైరస్ లేని పెద్దవాళ్లు దొరకరు గానీ, ఒకే వీధిలో, అదే వయసులో, అదే వైరస్‌తో, కిడ్నీలు బాగున్నవాళ్లూ పాడైనవాళ్లూ దొరుకుతారు. నేను పోల్చాల్సింది వాళ్లనే అనిపిస్తోంది. ఈ మాట ఇంటర్వ్యూలోనే చెప్తాను. ఆ ప్రొఫెసర్ ఆసక్తి చూపిస్తారా, మాట దాటేస్తారా అన్నదాన్ని బట్టి నాకు సగం తెలిసిపోతుంది.

నాన్నకి విషయం నిన్న చెప్పాను. మిషన్ మీద ఉన్నారు, చెయ్యి కదపకూడదు. నా రక్తం కూడా తీసుకెళ్తావా అని అడిగారు. తిరిగొచ్చాక ఇక్కడే తీస్తానని చెప్పాను. ఇంటర్వ్యూ గురువారం రాత్రి ఎనిమిదింటికి.